బుధవారం పరుగు

ఎర్నస్టైన్ సింకులో వేడినీళ్ళు పట్టి, ముదురు ఎరుపు చొక్కా ఒకటి ముంచి, మోచేతుల దగ్గర పట్టిన మట్టిని బ్రష్షుతో రుద్దుతోంది. ఆ ఊరి మట్టి ఎర్రది. ఆ రంగు బట్ట మీద కంటికి కనిపించదు గానీ చేతికి గరగరలాడుతుంది. చొక్కా వీపు మీద ముప్ఫై మూడు అని తెల్లటి అంకె. అది ఆమె కొడుకుల అంకె కాదు, వాళ్ళ కాలేజీ రంగు కూడా కాదు. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు రాబోతున్న టార్వర్ కాలేజీ జట్టులో బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే కెల్విన్ బ్రాటన్‌ది ఆ అంకె.

చిన్నకొడుకు ఆమోస్ నకలు జట్టులో ఉన్నాడు కాబట్టి ప్రతి వారం ఆ ఇంట్లో ఏదో ఒక శత్రువు జట్టు చొక్కా ఉతకాల్సి వస్తుంది. వారమంతా నకలు జట్టు కుర్రాళ్ళు ఎదుటివాళ్ళ రంగు తొడుక్కుని, ఎదుటివాళ్ళలా ఆడి చూపిస్తారు. అసలు జట్టు వాళ్ళను గుద్ది, కిందపడేసి, శనివారానికి తయారవుతుంది. శనివారం వచ్చాక నకలు జట్టుకు పని ఉండదు. గీత బయట నిలబడి చప్పట్లు కొట్టడమే. ఆమోస్ ఈ కాలేజీలో చేరినప్పటి నుంచి ఒక్క శనివారం కూడా గీత దాటి లోపల కాలు పెట్టలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, ఊళ్ళో అందరికంటే ఎక్కువ కాలేజీలకు ఆడింది తనేనని నవ్వేస్తాడు.

పెద్దవాడు థాడియస్‌ను అందరూ థాడ్ అంటారు. అడ్డుకునే పక్షంలో నడిమి మనిషి వాడు. ముందు వరుసలో లావుపాటి వాళ్ళు ఒకరినొకరు తోసుకుంటుంటే, వాళ్ళ వెనక నిలబడి, బంతి పట్టుకున్నవాడు ఏ సందులోంచి బయటపడతాడో కనిపెట్టి వాణ్ణి నేలకూల్చాలి. ఇది వాడికి ఆఖరి ఏడు. శనివారం సొంత మైదానంలో ఆఖరి ఆట. ఆరోజు ఆట మొదలయ్యే ముందు, చదువు ముగించి వెళ్ళిపోయే కుర్రాళ్ళంతా కన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకు నడుస్తారు. మైకులో పేరు పిలుస్తారు. తల్లి చేతిలో పువ్వు పెడతారు. పిల్లల తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. ఆ నడక కోసం ఎర్నస్టైన్ కొనుక్కున్న నీలం గౌను పడగ్గది తలుపుకు వేలాడుతూ, అటూ ఇటూ వెళ్ళినప్పుడల్లా భుజానికి తగులుతోంది.

ఆ వారం ఊళ్ళో ఎవరు కలిసినా ఒకటే మాట. మనవాళ్ళు టార్వర్ పరుగును ఆపగలరా? టార్వర్ వాళ్ళు బంతి విసరరు. విసరాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. బంతి బ్రాటన్ చేతికిస్తారు, వాడు నేల దున్నినట్టు వెళ్తాడు. పోయినేడు వాళ్ళ ఊరికి వెళ్ళి మనవాళ్ళు తిన్న దెబ్బ గురించి క్షవరం దుకాణంలో ఇంకా గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. పెట్రోలు పోయించుకుంటున్న ఎర్నస్టైన్‌ను రెవరెండ్ మోబ్లీ పట్టుకుని, మీ పెద్దవాడు బ్రాటన్‌ను ఆపితే ఆదివారం చర్చి ప్రసంగం సగానికి కోసేస్తానని మాటిచ్చాడు. ఆ మాట ఊళ్ళో పాకాక థాడ్ కోసం ప్రార్థన చేసేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఎర్నస్టైన్ స్కూలు బస్సు నడుపుతుంది. సాయంత్రం ఆఖరి పిల్లను దింపేశాక, బస్సును కాలేజీ మైదానం కంచె పక్కన ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు సాధన చూస్తుంది. ఆటంటే ఆమెకు తెలిసిందంతా ఆ ఎత్తు సీటు మీంచి చూసిందే.

బుధవారం కూడా అలాగే ఆపింది. నకలు జట్టు గుండ్రంగా నిలబడి ఉంది. వాళ్ళ కోచ్ ఒక అట్ట పైకెత్తి పట్టుకున్నాడు. ఎవడు ఎవణ్ణి తోయాలో, బంతి ఎటు వెళ్ళాలో దాని మీద గీతలు గీసి ఉంటాయి. ఆ గీత వెంట సూటిగా పరుగెత్తి, అసలు జట్టువాళ్ళ చేతిలో పడిపోవడం నకలు పరుగుగాడి మర్యాద. అలా అయితే అందరూ వేళకు ఇళ్ళకు వెళ్తారు. మర్యాద తప్పి ఎవడైనా ఒళ్ళు దాచుకోకుండా పరుగెత్తితే వాడికి బుధవారం వీరుడని పేరు పెట్టి, స్నానాల గదిలో తువ్వాలు దాచేస్తారు.

ఆ రోజు ఆమోస్ బంతి అందుకుని పరుగెత్తలేదు. ఆగాడు. తనవాళ్ళ వీపుల వెనక, తలుపు దగ్గర నిలబడి లోపల ఎవరెవరున్నారో చూసుకునే మనిషిలా, ఒక్క క్షణం నిలబడ్డాడు. ఎర్నస్టైన్‌కు వాడు తప్పటడుగు వేశాడేమో అనిపించింది. ఈలోగా థాడ్ ఉండబట్టలేక ముందుకు దూకాడు. చిన్నప్పుడు పొయ్యిలోంచి రొట్టె దింపకముందే చెయ్యి పెట్టి కాల్చుకున్న పిల్లాడు వాడు. వాడు దూకిన చోట ఒక సందు తెరుచుకుంది. ఆమోస్ అందులోంచి, ఎవరూ తాకకుండా, అవతలికి వెళ్ళిపోయాడు.

అసలు జట్టు కోచ్ ఓడమ్ మళ్ళీ ఆడించాడు. మళ్ళీ ఆమోస్ ఆగాడు, మళ్ళీ థాడ్ దూకాడు. ఆ తర్వాతా అంతే. తోటివాళ్ళు ఆమోస్‌ను తిట్టసాగారు. ఆఖరికి కోచ్ ఓడమ్ థాడ్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయి, వాడి స్థానంలో పర్విస్ అనే రెండో ఏడు కుర్రాణ్ణి నిలబెట్టాడు. థాడ్ శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుని గీత బయట నిలబడ్డాడు. ఎర్నస్టైన్ బస్సు తాళం తిప్పి, గేరు తప్పు వేసి, మళ్ళీ సరిగ్గా వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బీన్సు, అన్నం, పంది మాంసం వేపుడు వండింది. థాడ్ తిన్నది ఎంతో లేదు. పళ్ళెం కడిగి, తమ్ముడి వైపు చూడకుండా గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమోస్ వెనక మెట్ల మీద కూర్చుని, ఉబ్బిన మోకాలికి మంచు సంచి పెట్టుకున్నాడు. ఎర్నస్టైన్ వచ్చి పక్కన కూర్చుంది. ఎందుకలా చేశావని అడిగింది. బ్రాటన్ అలాగే ఆగుతాడని వాడు చెప్పాడు. వాడి ఆటలన్నీ వీడియోలో చూశాడట. బ్రాటన్ కాళ్ళలో వేగం పెద్దగా లేదట. ఎదుటివాడి తొందరే వాడికి దారట. అట్ట మీద గీతలో ఆ ఆగడం ఉండదు, ఎవరూ దాన్ని గియ్యరు అన్నాడు.

ఎర్నస్టైన్ మంచు సంచి సర్దింది. ఆ తర్వాత అనకూడని మాట అనేసింది.

"రేపొక్క రోజు ఆగకుండా పరుగెత్తరాదురా? గీత మీద ఉన్నట్టే. నేను మీ అన్న చెయ్యి పట్టుకుని మైదానంలో నడిచి, పువ్వు తీసుకుని, తిరిగి చూసేసరికి వాడు బెంచీ మీద కూర్చుని ఉంటే ఎట్లా చూడను?"

ఆమోస్ మోకాలి వైపు చూశాడు. సరేనమ్మా అన్నాడు. వాడు ఇంకో మాట అని ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది.

గురువారం కంచె దగ్గర బస్సు ఆపేసరికి ఆమోస్ గీత వెంట సూటిగా పరుగెడుతున్నాడు. పర్విస్ వాణ్ణి రెండుసార్లు పడగొట్టాక, కోచ్ ఓడమ్ థాడ్‌ను లోపలికి పంపాడు. థాడ్ దూకిన ప్రతిసారీ ఆమోస్ సరిగ్గా అక్కడే ఉన్నాడు. గుద్దిన చప్పుడు బస్సు అద్దాల దాకా వినిపించింది. తోటివాళ్ళు థాడ్ వీపు చరిచారు. సాధన ముగిసేసరికి వాడి స్థానం వాడికి తిరిగి దక్కింది. ఎర్నస్టైన్ బస్సు నడుపుతూ సంతోషపడింది. ఇల్లు చేరేదాకానే ఆ సంతోషం నిలిచింది. మెట్లెక్కుతూ కుంటుతున్న ఆమోస్‌ను చూశాక అది కాస్తా పోయింది.

థాడ్ ఈల వేసుకుంటూ వచ్చాడు. తల్లిని నడుం పట్టి పైకెత్తి దింపాడు. నిన్న తమ్ముడికి ఏదో పూనిందనీ, ఇవాళ దిగిపోయిందనీ వెక్కిరించాడు. ఆమోస్ నవ్వినట్టు చేశాడు. భోజనాల బల్ల మీద ఫోను పెట్టడం ఆ ఇంట్లో కుదరదు. కానీ ఆ రోజు ఎర్నస్టైన్‌కు కాదనే మొహం లేకపోయింది. థాడ్ ఫోనును మజ్జిగ సీసాకు ఆనించి, సాధన వీడియో చూస్తూ తింటున్నాడు. ఇవాళ్టిది చూశాడు. నిన్నటిది చూశాడు. మళ్ళీ ఇవాళ్టిది పెట్టాడు. నమలడం మానేశాడు.

"ఒరేయ్ ఆమోస్, నిన్న నీ కాళ్ళు ఆగాయి. ఇవాళ ఎందుకు ఆగలేదు?"

ఆమోస్ రొట్టె ముక్కతో పళ్ళెం తుడుస్తూనే ఉన్నాడు, అందులో ఏమీ మిగలకపోయినా.

"నేనే చెప్పాను," అంది ఎర్నస్టైన్.

థాడ్ తల్లి వైపు చూశాడు. కోపం వస్తే వాడి గొంతు పెరుగుతుంది. ఇప్పుడు పెరగలేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు, మెల్లగా అడిగాడు.

"శనివారం బ్రాటన్‌కి కూడా నువ్వే చెప్తావా అమ్మా?"

ఆమోస్, తను ఒప్పుకోకుండా ఉండాల్సిందని ఏదో గొణిగాడు. థాడ్ ఫోను తిరగేసి పెట్టాడు.

"నువ్వు నోరు మూసుకుని షూ వేసుకో. మోకాలు పనికొస్తుందా?"

"వస్తుంది."

"అబద్ధమాడకు."

"పరుగెత్తడానికి రాదు. ఆగడానికి వస్తుంది."

చర్చి వెనక కార్లు ఆపే స్థలంలో దీపాలున్నాయి. గురువారం సాయంత్రం పాటల బృందం సాధన అప్పుడే ముగిసి, జనం బయటికొస్తున్నారు. అన్నదమ్ములిద్దరూ బంతితో రావడం చూసి రెవరెండ్ మోబ్లీ సంగతేమిటని అడిగాడు. థాడ్ దాచకుండా చెప్పాడు. నిన్న తమ్ముడు తనను వెర్రివాణ్ణి చేశాడనీ, ఇవాళ జాలిపడి వదిలేశాడనీ, ఆ రెండింటిలో జాలే ఎక్కువ నొప్పిగా ఉందనీ అన్నాడు. శాలువా కప్పుకుని వెనకాలే వచ్చిన ఎర్నస్టైన్ కార్ల నీడలో నిలబడి ఆ మాట విన్నది.

బంతి పట్టినవాడు దాక్కోవడానికి ముందు వరుస ఒకటి కావాలి. మోబ్లీ తన బృందంలో కింది స్వరం పాడే లావుపాటి మనుషులను పిలిచి వరుసగా నిలబెట్టాడు. ఆయన కూడా కోటు విప్పి చివర నిలబడ్డాడు. ఆమోస్ వాళ్ళ వీపుల వెనక ఆగాడు. థాడ్ దూకాడు. ఆమోస్ కుంటుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు. కుంటివాడు కూడా దాటిపోతున్నాడే అని పై స్వరం పాడే లొరెట్టా అక్క అరుగు మీంచి అంటించింది. మళ్ళీ దూకాడు. మళ్ళీ తప్పింది. థాడ్ చొక్కా తడిసిపోయింది.

"కాళ్ళు చూడకు, నా నడుం చూడు," అన్నాడు ఆమోస్. "నడుం అబద్ధం ఆడదు. నీకు దూకాలనిపించినప్పుడు ఒక్కసారి ఊపిరి వదులు. అప్పుడు కదులు."

"ఈ లోపల నువ్వు వెళ్ళిపోతే?"

"నీ తొందర లేకపోతే నాకు దారెక్కడిది?"

ఆ తర్వాతసారి ఆమోస్ ఆగాడు. థాడ్ కూడా ఆగాడు. వరుసలో నిలబడ్డ పెద్దమనుషులు రొప్పుతున్నారు. అన్నదమ్ములిద్దరూ వాళ్ళ భుజాల మీంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ అలాగే నిలబడిపోయారు. అరుగు మీద జనానికి నవ్వాగలేదు. ఆదివారం ఆరాధనకు వేళవుతోందని లొరెట్టా అక్క కేక వేసింది. ఆఖరికి ఆమోసే కదిలాడు. కదిలిన చోట థాడ్ ఉన్నాడు. పడగొట్టలేదు. రెండు చేతులా చుట్టి పట్టుకుని, మోకాలు నేలకు తగలకుండా తమ్ముణ్ణి గాలిలో ఎత్తి నిలబెట్టాడు. దీపాలు ఆర్పేవాడొచ్చి వెళ్ళమనేదాకా ఆడారు. అన్నిసార్లూ దొరకలేదు. సగంసార్లు దొరికి ఉంటాడేమో.

శనివారం ఎర్నస్టైన్ నీలం గౌను వేసుకుని కొడుకు మోచెయ్యి పట్టుకుంది. మైదానం వైపు నడిచే సొరంగంలో తమ పేరు కోసం ఎదురుచూస్తున్నప్పుడు థాడ్ వంగి చెవిలో చెప్పాడు. శుక్రవారం వెళ్ళి గురువారం సంగతంతా కోచ్ ఓడమ్‌కు చెప్పేశాడట. అది నిజమైన గుద్దు కాదనీ, తమ్ముడు చూపించిందే బ్రాటన్ పద్ధతనీ, అది అందరూ ఒకసారి చూడాలనీ. కోచ్ విని, ఆమోస్ చేత మొత్తం పక్షానికి ఆ ఆగడం నడిపించి చూపించాడట. ఆట మాత్రం పర్విస్‌తో మొదలుపెడతానన్నాడట.

"మొదట నేను ఆడను అమ్మా."

"నీ మొహం చూస్తే తెలీదా. తిన్నగా నడువు, నా మడమ తొక్కకు."

పేరు పిలిచారు. నడిచారు. పువ్వు తీసుకున్నాక ఆమె వాడి బుగ్గ నిమిరింది. వెనక్కి తిరిగి చూస్తే వాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎట్లా చూడను అనుకున్నదాన్ని చూసింది. చూడగలిగింది.

టార్వర్ పరుగు అనుకున్నట్టే ఉంది. బ్రాటన్ ఆగుతున్నాడు, చూస్తున్నాడు, వెళ్తున్నాడు. పర్విస్ చురుకైనవాడే. కానీ చురుకుదనమే బ్రాటన్‌కు కావలసింది. సగం ఆట ముగిసేసరికి మనవాళ్ళ ముందు వరుస నడుములు పట్టుకుని నిలబడుతోంది. నాలుగింటిలో మూడో భాగంలో కోచ్ ఓడమ్ థాడ్ వైపు చూసి తల ఊపాడు. లోపలికి వెళ్ళిన మొదటిసారే థాడ్ పాత తప్పే చేశాడు. దూకాడు. బ్రాటన్ వాణ్ణి దాటి చాలా దూరం పోయాడు. ఎర్నస్టైన్ చేతిలో పువ్వు కాడ విరిగింది. గీత బయట ఆమోస్ రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని, ఊపిరి వదలమన్నట్టు కిందికి దింపి చూపించాడు. థాడ్ చూశాడో లేదో ఆమెకు తెలియలేదు.

ఆ తర్వాత థాడ్ ఆగాడు. బ్రాటన్‌ను ఎవరూ పూర్తిగా ఆపలేదు. అలాంటివాణ్ణి ఆపడం అంటే పది అడుగులు పోయేచోట రెండడుగులకు కుదించడమే. ఒకసారి దొరికాడు, ఒకసారి జారాడు, రెండుసార్లు వరుసగా దొరికాడు. ఆట చివర్లో మనవాళ్ళు మూడు పాయింట్లు ముందున్నప్పుడు, టార్వర్ వాళ్ళు గెలుపు గీతకు జానెడు దూరంలో ఉన్నారు. ఆఖరి అవకాశం. బంతి ఎవరికిస్తారో వేలమంది జనానికి తెలుసు. బ్రాటన్ అందుకున్నాడు, ఆగాడు. థాడ్ ఆగాడు. ఆ క్షణం ఎర్నస్టైన్‌కు చర్చి వెనక జాగాలా అనిపించింది. బ్రాటన్‌కు అలవాటు లేని పని, తనే ముందు కదలడం. కదిలాడు. థాడ్ అక్కడే ఉన్నాడు.

సాయంత్రం వాళ్ళ ఇల్లు పట్టనంత జనం. మోబ్లీ ప్రసంగం సగానికి కోస్తానన్న మాట తప్పనని మళ్ళీ ఒప్పుకున్నాడు. దాంతో గెలిచినప్పటికంటే పెద్ద హర్షధ్వానం లేచింది. ముందు గదిలో థాడ్‌ను సోఫా నడుమ కూర్చోబెట్టి, చివరి ఆటను కుర్చీలతో మళ్ళీ ఆడించారు. క్షవరం దుకాణం ఆయన బ్రాటన్ అయ్యాడు. కొందరు థాడ్‌ది పుట్టుకతో వచ్చిన ఓపికన్నారు. ఎర్నస్టైన్‌కు నవ్వొచ్చింది గానీ పైకి రానివ్వలేదు.

ఆమోస్ పెరట్లో ఉన్నాడు. పొయ్యి మీద నూనె కాగుతోంది. జనం తింటున్న క్యాట్‌ఫిష్ చేపలన్నీ ఆట నుంచి ఇల్లు చేరినప్పటి నుంచీ వాడు ఒక్కడే వేపుతున్నాడు. మోకాలికి ఆసరాగా బోర్లించిన డబ్బా మీద కూర్చుని, చేప ముక్కలు తిరగేస్తూ, లోపలి నవ్వులు విని తనలో తను నవ్వుకుంటున్నాడు. లోపల ఎవరూ వాడి పేరు ఎత్తలేదు. మరిచిపోయి కాదు, వాళ్ళకు తెలియదు. తెలిసిన పాటల బృందం వాళ్ళు తినడంలో ఉన్నారు. ఎర్నస్టైన్ వంటగదిలో మొక్కజొన్న పిండి అద్దిన ముక్కలు పళ్ళెంలో పేరుస్తూ, చెప్పనా, ఎలా మొదలుపెట్టను, తను అడిగిన మాట కూడా చెప్పాల్సి వస్తుందే అని తటపటాయిస్తోంది.

ముందు గదిలో ఎవరో, బ్రాటన్ ఆగినప్పుడు అసలు నీ మనసులో ఏమనుకున్నావని థాడ్‌ను అడిగారు. అందరూ ముందుకు వంగారు. థాడ్ సోఫాలోంచి లేచాడు. మోబ్లీ కాళ్ళు దాటుకుని, కుర్చీలు పక్కకు జరుపుకుని, వంటగదిలోకి వచ్చాడు. తల్లి చేతిలోంచి చేపల పళ్ళెం తీసుకున్నాడు. ఆమె తలెత్తి చూస్తే, వంగి ఆమె నుదుటికి నుదురు ఆనించాడు. తర్వాత మోచేత్తో వెనక తలుపు తోసి, వెనక పిలుస్తున్నవాళ్ళకు జవాబు చెప్పకుండా, మెట్లు దిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.